సంఘం కబురు



తెలంగాణ సాయుధ పోరాటం అనగానే మనకు తుపాకులు గుర్తుకొస్తాయి, పాటలు గుర్తుకొస్తాయి, గడీల మీద దాడులు గుర్తుకొస్తాయి. ఈ పూట వాటి జోలికి ఎక్కువగా పోను. యుద్ధం నడుస్తున్న రోజుల్లో నాయకుడు పొద్దున లేచింది మొదలు చేసే పని గురించి చెప్తాను. ఏ ఊరికి ఎవర్ని పంపాలి? ఏ దళానికి ఎవరు కమాండరు? రాత్రి ఎక్కడి నుంచి ఏ కబురు వచ్చింది? దానికేం జవాబు రాయాలి, ఆ జవాబు ఎవరి చేతికివ్వాలి? నల్లగొండ, పాలమూరు నేల మీద 1946 నుంచి 1951 దాకా నడిచిన పోరాటం బతికింది ఈ పని వల్లనే అని నా నమ్మకం. చరిత్ర పుస్తకాల్లో దీనికి దక్కిన చోటు చాలా తక్కువ.

ఆ పోరాటం వెనకున్న సంఘం అంటే ఆంధ్ర మహాసభ. 1930లో జోగిపేటలో మొదటి మహాసభ జరిగితే అధ్యక్షత వహించింది సురవరం ప్రతాపరెడ్డి గారు, పాలమూరు జిల్లా మనిషి, గోలకొండ పత్రిక సంపాదకుడు. మరుసటేడు నల్లగొండ జిల్లా దేవరకొండలో రెండో మహాసభకు అధ్యక్షుడు బూర్గుల రామకృష్ణారావు గారు. ఆయనదీ పాలమూరే. ఆ రోజుల్లో అధ్యక్షుడి పని ఎక్కువగా కాగితం పని. గస్తీ నిషాన్ 53 అని ఒక సర్కారు ఉత్తర్వు ఉండేది. దాని ప్రకారం సభ పెట్టాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. దరఖాస్తులు పెట్టుకోవడం, సర్కారు అడిగినదానికి జవాబు చెప్పుకోవడం, తీర్మానాలు రాయడం, వినతిపత్రాలు పంపడం, ఇదీ వరస. ఆ ఓపిక చిన్నదేం కాదు. పల్లెలో బడి కావాలని, తెలుగులో చదువు కావాలని అడగడానికి కూడా సర్కారు గుమ్మం ముందు నిలబడవలసిన కాలం అది.

ఆ పీఠం మీదికి నల్లగొండ జిల్లా బొల్లేపల్లికి చెందిన రావి నారాయణరెడ్డి గారు వచ్చారు. 1941లో హుజూర్‌నగర్ తాలూకా చిలుకూరులో, 1944లో భువనగిరిలో, 1945లో ఖమ్మంలో, మూడుసార్లు ఆయనే అధ్యక్షుడు. ఆ ఏళ్లన్నీ రెండో ప్రపంచ యుద్ధం నడిచిన ఏళ్లే. యుద్ధం యూరపులో, బర్మాలో జరిగినా దాని బరువు సూర్యాపేట తాలూకా చిన్నరైతు గాదె మీద పడింది. లెవీ పేరుతో ధాన్యం కొలుచుకుపోయేవారు. వేల ఎకరాల దేశ్‌ముఖు తప్పించుకునేవాడు, నాలుగెకరాల రైతు తిండిగింజలు కూడా ఇచ్చుకునేవాడు. భువనగిరి సభతో సభ్యత్వ రుసుము అణాకు దిగింది. అణా ఇచ్చిన ప్రతివాడూ తన గోడు సంఘానికి చెప్పుకునే హక్కుదారయ్యాడు. లెవీ గోడు, వెట్టి గోడు, భూమి గుంజుకున్న గోడు. అధ్యక్షుడి ముందున్న కాగితాల రంగు అప్పుడే మారింది. అంతకుముందు సర్కారుకు పోయే అర్జీలుంటే ఇప్పుడు ఊళ్ల నుంచి వచ్చే ఫిర్యాదులు కుప్పపడ్డాయి.

1946 జులై 4న జనగామ తాలూకా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖు మనుషుల కాల్పుల్లో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య చనిపోయాడు. జనగామ అప్పుడు నల్లగొండ జిల్లాలోనే ఉండేది. ఆ ఏడాది చివర్లో, సంఘాన్ని నడిపిస్తున్న కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం పడింది. 1947 సెప్టెంబరు 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్, ఈ ముగ్గురి పేరా సాయుధ పోరాట పిలుపు వెలువడింది. అక్కడి నుంచి సంఘం నాయకులకు కచేరీ లేదు, బల్ల లేదు, తపాలా పెట్టె లేదు. రాత్రికో మకాం. అయినా యుద్ధం నడిపేవాడికుండే పనులన్నీ ఉన్నాయి.

ఆ పనులేమిటో తెలియాలంటే ఒకసారి దూరదేశం వైపు చూద్దాం. అమెరికాలో 1861 నుంచి 1865 దాకా అంతర్యుద్ధం నడిచినప్పుడు అబ్రహాం లింకన్ అధ్యక్షుడు. ఆయన దినచర్య గురించి చదివితే రెండు పనులు కనబడతాయి. ఒకటి, ఉద్యోగాలడుగుతూ సిఫార్సు ఉత్తరాలు పట్టుకుని అధ్యక్ష భవనంలో బారులు తీరిన జనాన్ని కలవడం. రెండోది, పక్కనున్న యుద్ధ శాఖ భవనానికి నడిచి వెళ్లి టెలిగ్రాఫ్ గదిలో కూర్చోవడం. అధ్యక్ష భవనానికి టెలిగ్రాఫ్ తీగ లేదు. రణరంగం నుంచి వచ్చిన తంతి చదువుకోవాలన్నా, సేనాపతులకు కబురు పెట్టాలన్నా ఆయన అక్కడికే పోయేవారు. అంత పెద్ద దేశాధ్యక్షుడు కబురు కోసం కాలినడకన వెళ్లాడన్న సంగతి నాకు చాలా ఇష్టం. యుద్ధంలో కబురు విలువ ఏమిటో ఆయనకు తెలుసు.

నల్లగొండలో తంతి తీగ సర్కారుది. ఠాణాలకు టెలిఫోను సర్కారుది. మోటారు రోడ్డు సర్కారుది. దళాలు ఆ తీగలు తెంపాయి, ఆ రోడ్లకు అడ్డంగా కందకాలు తవ్వాయి. తెంపడం సులువే. తెంపినవాళ్లకు తమ కబురు తాము పంపుకునే దారి కావాలి కదా! ఆ దారిని ఎవరు వేశారో చెప్పాలంటే ముందు వెట్టి సంగతి చెప్పాలి.

వెట్టి అంటే దొర గడీలో ఊరికే చేసే చాకిరీ అని మనం అనుకుంటాం. దానిలో ఇంకో పని ఉండేది. మాల, మాదిగ వాడల్లో ఇంటికొక మనిషి వంతులవారీగా పటేలు, పట్వారీల దగ్గర హాజరు కావాలి. చావడి కాయాలి, బందెలదొడ్డి కాయాలి, పటేలు రాసిన రిపోర్టు పట్టుకుని పోలీసు ఠాణాకు పోవాలి, పట్వారీ ఇచ్చిన కాగితం పట్టుకుని తాలూకా కచేరీకి పోవాలి. ఎండలో, వానలో, అర్ధరాత్రి అయినా సరే. కూలి లేదు, బువ్వ లేదు. ఆలస్యమైతే దెబ్బలు. ఆ కాగితంలో ఏముందో మోసేవాడికి తెలియదు. ఒక్కోసారి వాడి వాడకట్టు మీదికే పోలీసులను పిలిచే కాగితం వాడే మోసుకుపోయి ఉండవచ్చు. నిజాం రాజ్యంలో గ్రామాల పాలన చాలావరకు ఈ కాళ్ల మీద నడిచింది.

అందువల్ల ఏ కాలిబాట ఎటు పోతుందో, ఏ వాగు ఎక్కడ దాటొచ్చో, ఏ ఊరి కుక్కలు ఏ వేళకు మొరుగుతాయో ఈ మనుషులకు తెలిసినంతగా ఏ ఫౌజుదారుకూ తెలియదు. సంఘం వచ్చాక వెట్టి ఆగింది. వెట్టి మోసిన ఆ ప్రజల నుంచే సంఘం చీటీ మోసే మనుషులు లేచారు. దెబ్బలకు భయపడి కాగితం మోసిన మనిషి, ఇప్పుడు దొరికితే ప్రాణం పోతుందని తెలిసి కూడా తన ఇష్టంతో చీటీ మోశాడు. ఈ పోరాటంలో నన్ను అన్నిటికన్నా కదిలించే సంగతి ఇదే. పార్టీ భాషలో వాళ్లను కొరియర్లు అన్నారు. సేనాపతుల పేర్లు మనకు తెలుసు. కొరియర్లలో చాలామంది పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

పద్ధతి ఇలా ఉండేది. సన్నటి కాగితం మీద చిన్న అక్షరాలు. అసలు పేర్లుండవు, మారుపేర్లే. దళ నాయకురాలు మల్లు స్వరాజ్యం గారు రాజక్క అయిందీ అలాగే. ఒక మనిషి ఒక మజిలీ వరకే పోతాడు. అవతలి మనిషికి అందించి వెనక్కి వస్తాడు. తర్వాతి మకాం ఎక్కడో వాడికి తెలియదు, తెలియకూడదు. పట్టుబడితే వాడి నోటి నుంచి రావడానికి ఆ ఒక్క మజిలీ తప్ప ఇంకేమీ ఉండదు. చీటీ అందగానే చదివి కాల్చేయాలి. దారిలో పట్టుబడేట్టుంటే నమిలి మింగాలి. పశువుల కాపరి పిల్లలు, గొర్రెల మందల వెంట తిరిగేవాళ్లు, సద్ది గంప నెత్తిన పెట్టుకుని పొలానికి పోయే ఆడవాళ్లు, వీళ్ల మీద నిజాం వైపు సాయుధ దండు రజాకార్ల కన్ను అంత తొందరగా పడేది కాదు. తలపాగా మడతలో, కొప్పులో, కొంగుముడిలో చీటీలు ఊళ్లు దాటాయి. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు ఆ పోరాటంలోని స్త్రీలను కలిసి, వాళ్ల మాటలను మనకు తెలియని మన చరిత్ర అన్న పుస్తకంగా అచ్చువేశారు. అందులోని స్త్రీలు చెప్పుకున్న పనులు చూస్తే, కబుర్లు మోయడం, మకాములు కాపాడటం, అన్నం వండి దళాలకు చేర్చడం ఎంత పెద్ద యుద్ధమో తెలుస్తుంది. ఆ పుస్తకం చదవనివాళ్లు తప్పక చదవండి.

మునగాల పరగణా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నాలుగు దిక్కులా నిజాం నల్లగొండ, నడుమ మునగాల మాత్రం ఇంగ్లీషు వాళ్ల ఏలుబడిలోని కృష్ణా జిల్లాది. 1959లో గాని అది నల్లగొండలో కలవలేదు. చిలుకూరు, కోదాడ పక్కనే ఉన్న ఊళ్లు. నిజాం పోలీసు తరుముకొస్తే పొలంగట్టు దాటి ఇంకో రాజ్యంలోకి అడుగుపెట్టవచ్చు. బెజవాడ నుంచి వచ్చే పత్రికలకు, ఉత్తరాలకు, మనుషులకు ఇలాంటి సరిహద్దు ఊళ్లు తలుపుల్లాగా పనికొచ్చాయి.

ఇక నియామకాలు. రాజు సేనాపతిని నియమించినట్టు పట్టం కట్టే పని కాదిది. ఊరి జనం కూడి గ్రామ కమిటీని ఎన్నుకునేవారు. దాని కింద ఊరి రక్షణ దళం. దాని పైన ఊరూరూ తిరిగే గెరిల్లా దళం. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారి లెక్క ప్రకారం గ్రామ దళాల్లో పదివేల మంది, తిరుగుడు దళాల్లో రెండువేల మంది ఉన్నారు. సుమారు మూడువేల గ్రామాలు, ముప్పై లక్షల జనాభా. ఇంతమందిలో ఏ పని ఎవరికి అప్పగించాలో తేల్చడమే నాయకుల రోజువారీ తలనొప్పి. చదువుకున్న పిల్లవాడు చీటీ చదవగలడు గాని రాత్రిపూట ఇరవై మైళ్లు నడవలేడు. నడవగలిగినవాడికి అక్షరం రాదు. అందుకే దళాల్లో తుపాకీ నేర్పినట్టే అక్షరాలూ నేర్పారు. ధైర్యం ఉన్నవాడికి నోరు ఆగదు. నోరు కట్టుకోగలిగినవాడికి ఇంటి దగ్గర పసిపిల్లలు. వీటన్నిటినీ తూచి ఒక మనిషిని నిలబెట్టాలి. తప్పు మనిషిని నిలబెడితే ఊరు ఊరంతా దానికి మూల్యం చెల్లించాలి.

అయినా ఎంత మంచి ఎంపికలు జరిగాయో చూడండి. కరివిరాల కొత్తగూడెంలో భూస్వామి ఇంట పుట్టిన భీమిరెడ్డి నర్సింహారెడ్డి గారు గెరిల్లా సేనానిగా ఎదిగారు. ఆయన చెల్లెలు స్వరాజ్యం గారు ఇంకా ఇరవై నిండకుండానే దళం నడిపారు. ఆమె తల మీద పదివేల రూపాయల వెల కట్టారు. కడవెండి ప్రాంతంలో నల్లా నర్సింహులు గారు. ధర్మాపురం తండాలో ఠానునాయక్, లంబాడీల భూమి కోసం విసునూరు దొరతో తలపడి ప్రాణమిచ్చినవాడు. కొలనుపాక ఆరుట్ల రామచంద్రారెడ్డి గారు, ఆయన భార్య కమలాదేవి గారు ఇద్దరూ తుపాకీ పట్టారు. దేశ్‌ముఖు కొడుక్కే నాయకత్వం దక్కే కాలంలో కూలివాడూ, గొర్లకాపరీ, తండా మనిషీ, ఆడపిల్లా కమాండర్లు కావడం నా దృష్టిలో భూపంపకం కన్నా తక్కువదేం కాదు.

పై నుంచి కిందికి పోయే ఆజ్ఞలతోనే చీటీలు నిండిపోలేదు. కింది నుంచి పైకి వచ్చినవే నాకు ముఖ్యంగా తోస్తాయి. సూర్యాపేట తాలూకాలో జన్నారెడ్డి కుటుంబానికి లక్షన్నర ఎకరాలున్నాయని సుందరయ్య గారు రాశారు. విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి కింద నలభై వేల ఎకరాలు. అందుకే మొదట భూపరిమితి అయిదువందల ఎకరాలని సంఘం నిర్ణయిస్తే పెద్ద మాటే అనిపించింది. ఊళ్లలో పంచబోతే భూమి చాలలేదు. భూమిలేని జనం ఇది సరిపోదన్నారు. పరిమితి రెండువందలకు దిగింది. ఆ తర్వాత మెట్ట వంద, తరి పది ఎకరాలయింది. నాయకులు తమ మాటను ఇన్నిసార్లు దిద్దుకున్నారంటే ఊరి మాట వాళ్ల చెవిన పడుతూనే ఉందన్నమాట. మొత్తం పది లక్షల ఎకరాలు పంచారని లెక్క.

కఠినమైన కబుర్లూ ఉన్నాయి. ఫలానావాడు పోలీసులకు సమాచారం ఇస్తున్నాడు, ఏం చేయమంటారు అని ఊరి నుంచి చీటీ వస్తే జవాబు రాయవలసినవాడు ఒక ప్రాణం గురించి రాస్తున్నాడు. శిక్షలు పడ్డాయి, ప్రాణాలు పోయాయి. యుద్ధంలో ఇది తప్పదని కొందరంటారు. ఆ మాటతో ఆ చీటీ బరువు తగ్గదని నేను అనుకుంటాను. పోరాటాన్ని ప్రేమించేవాళ్లం ఆ పేజీలు కూడా తిప్పాలి.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి దిగింది. బెజవాడ దారి నుంచి వచ్చిన దళాలు కోదాడ, మునగాల మీదుగా సూర్యాపేట చేరాయి. వెనక్కి పోతూ నిజాం ఫౌజు మూసీ వంతెన పేల్చేసింది. 17న నిజాం లొంగిపోతున్నట్టు రేడియోలో ప్రకటించాడు. 18 నుంచి మేజర్ జనరల్ జయంతనాథ్ చౌదురి మిలిటరీ గవర్నరు. ఇప్పుడు నియామకాలు ఆయన బల్ల మీద జరిగాయి. మద్రాసు, బొంబాయి రాష్ట్రాల నుంచి అధికారులు జిల్లాలకు వచ్చి కూర్చున్నారు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి.   

నిజాం పోయాడు గనుక ఆయుధాలు దించాలా, పంచిన భూమిని కాపాడుకోవడానికి కొనసాగించాలా? ఈ ప్రశ్న మీద నాయకత్వం చీలింది. రావి నారాయణరెడ్డి గారు ఆపుదామన్నారు. మరికొందరు కొనసాగాలన్నారు. చర్చంతా రహస్య మకాముల మధ్య, జైళ్ల మధ్య రాతల్లోనే. ఒకచోట కూర్చుని ముఖాముఖి తేల్చుకునే వీల్లేని కాలంలో, స్నేహితులే ఒకరి మాట ఒకరు తప్పని కాగితం మీద వాదించుకున్నారు.

సైన్యం ఒత్తిడి పెరిగేకొద్దీ దళాలు మైదానం వదిలి అడవి పట్టాయి. ఒక పాయ గోదావరి వైపు, ఇంకో పాయ కృష్ణ ఒడ్డున నల్లమల వైపు. దేవరకొండ దాటి అచ్చంపేట, అమ్రాబాదు, కొల్లాపురం. పాలమూరు జిల్లాకు పోరాటం ఇలా విస్తరించింది. చెంచుల ఆవాసాలైన పెంటల సాయం లేకుండా ఆ కొండల్లో ఎవరూ నాలుగు రోజులు నిలవలేరు. మైదానంలో కబురందించే మనిషి దగ్గరలోనే ఉండేవాడు. అడవిలో పెంటకూ పెంటకూ నడుమ ఆమడల దూరం. దళాలు ముగ్గురు నలుగురు మనుషుల గుంపులుగా విడిపోయాయి. కబురు అందడం ఆలస్యమైతే ఒక గుంపు ఎక్కడుందో ఇంకో గుంపుకు తెలియదు. అలా తెగిపోయి, ఆకలితో, జ్వరంతో, కాల్పుల్లో ఎందరో పోయారు. మొత్తం పోరాటంలో చనిపోయినవారు నాలుగు వేలని సుందరయ్య గారి లెక్క. పదివేల మందికి పైగా మూడు నాలుగేళ్లు జైళ్లలో, నిర్బంధ శిబిరాల్లో ఉన్నారు.

1948లోనే కమ్యూనిస్టు పార్టీ ఆంధ్ర కమిటీ తన వాదనను ఆంధ్ర లేఖ పేరుతో పార్టీ కేంద్రానికి పంపింది. మన తెలంగాణ అనుభవం చైనా దారికి దగ్గరని అందులో వాదించారు. వాదం తేలక తేలక చివరికి 1951 మొదట్లో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్ నలుగురూ మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. సూర్యాపేట పల్లెలో తలపాగాలో దాచిన చీటీతో మొదలైన ప్రశ్న అంత దూరం పోయింది. 1951 అక్టోబరు 21న పోరాట విరమణ ప్రకటన వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 18నే వినోబా భావే ఇదే నల్లగొండ జిల్లా పోచంపల్లిలో భూదానం మొదలుపెట్టి ఉన్నారు. 1952 ఎన్నికల్లో నల్లగొండ లోక్‌సభ స్థానం నుంచి రావి నారాయణరెడ్డి గారు మూడు లక్షల పైచిలుకు ఓట్లతో గెలిచారు. నెహ్రూ గారికి వచ్చిన ఓట్ల కన్నా అవి ఎక్కువ. అదే ఏడాది బూర్గుల రామకృష్ణారావు గారు హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. ఆంధ్ర మహాసభ అధ్యక్షపీఠం మీద కూర్చున్న ఇద్దరు, ఒకరు నల్లగొండ, ఒకరు పాలమూరు, ఎదురెదురు పక్షాల్లో ప్రజాప్రతినిధులుగా నిలబడ్డారు.

ఆ చీటీల్లో చాలావాటిని చదివిన వెంటనే కాల్చేశారు. పని జరగాలంటే అలా కాల్చక తప్పలేదు. అయినా అన్నీ పోయి ఉండవు. పాత ఇళ్ల దూలాల సందుల్లో, ట్రంకు పెట్టెల అడుగున, దేవుడి గూటిలో అణా సభ్యత్వ రసీదులు, జైలు నుంచి వచ్చిన ఉత్తరాలు, భూమి పంచినప్పటి కాగితాలు ఉండవచ్చు. ఇల్లు పడగొట్టేటప్పుడు పాత కాగితాలని పొయ్యిలో వేయకండి. హైదరాబాదు తార్నాకలో రాష్ట్ర ప్రాచీన పత్రాల కేంద్రం ఉంది, అక్కడికి చేర్చండి. ఇచ్చేయడానికి మనసు రాకపోతే కనీసం ఫొటో తీసి దాచండి. ఇంకో మాట. కబురు మోసినవాళ్లలో ఆనాడు పదేళ్ల పిల్లలుగా ఉన్నవారికే ఇప్పుడు తొంభై దగ్గరపడుతోంది. సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, జనగామ, నాగర్‌కర్నూల్ జిల్లాల శ్రోతలకు నా మనవి ఒక్కటే. మీ ఇంట్లో, మీ వాడలో అలాంటి పెద్దవారుంటే ఈ వారమే వాళ్ల దగ్గర కూర్చోండి. ఏ ఊరి నుంచి ఏ ఊరికి నడిచారు, ఎవరికి అందించారు, అడిగి, వాళ్ల గొంతులోనే సెల్‌ఫోనులో రికార్డు చేయండి. వాళ్ల పేరు, ఊరి పేరు తప్పకుండా చెప్పించండి.